బయమ్మ పుంజు కట్టించిన మందిరం

గార్లదిన్నె,
16 నవంబరు 1998

చెల్లెలు అరుణజ్యోతికి,

అన్న జయరాముడు దీవించి రాయునది. మేమందరం క్షేమం. ఈ ఏడు వాన మొహం చాటెయ్యలేదు, శెనక్కాయ బాగానే వచ్చింది.

నిన్న మన సంఘంలో కోతల పండుగ. తిరుపతి కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి చెప్పి మన చరిత్ర మర్చిపోయి ఉంటావని గుర్తు చేస్తున్నాను. చేనులో, దొడ్లో వచ్చిన మొదటి ఫలం ఏదైనా సరే మందిరానికి తెస్తారు. ఆరాధన ముగిశాక పాస్టరుగా నేనే వేలం వేస్తాను. పాడుకున్నవాడు దాన్ని ఇంటికి తీసుకుపోవచ్చు. మనసు పుడితే 'తిరిగి దేవునికే' అనవచ్చు. అప్పుడు అందరూ ఆమెన్ అంటారు, డోలు మీద ఒక దెబ్బ పడుతుంది, అదే వస్తువు మళ్ళీ వేలానికి వస్తుంది.

ఈసారి బయమ్మవ్వ ఒక పుంజును తెచ్చింది. దానికి ఒక కన్ను లేదు, ఉన్న కంటితో అందరినీ అనుమానంగా చూస్తుంది. నిన్ను తలుచుకున్నాను. లారీ నడిపే మన సంఘస్థుడొకడు నూరు రూపాయలకు పాడి, దాని ముక్కుపోటు తిని, వెంటనే 'తిరిగి దేవునికే' అన్నాడు. డ్రైవరే ఇచ్చినప్పుడు నేనియ్యలేనా అని టైలరు రెండు నూర్లకు పాడినాడు. టైలరు ఇచ్చినాక రైతులు ఊరుకుంటారా? పొద్దు వాలేటప్పటికి ఆ ఒక్క పుంజు మీద ముప్పై ఎనిమిది వేలు వచ్చింది. అందరూ అక్కడికక్కడే కట్టినారు.

అరుణా, ఇది మామూలు సంగతి కాదు. మన మూడు ఎకరాల్లో పెద్ద మందిరం కట్టాలని నాకు తోచింది. రెండువేలమంది పట్టేలా. పేరు రహెబోతు, బైబిల్లో విశాలమైన చోటని అర్థం. నేల నాయన మనిద్దరి పేరున పెట్టి పోయినాడు గనక నిన్ను అడగడం ధర్మం. సంతకం తర్వాత చూసుకుందాం, నోటిమాట చాలు.

మీ అన్న
జయరాముడు

వదిన కదిరమ్మ రాత: పుంజు మా ఇంట్లోనే ఉండాది. మీ అన్న కోయనీడు. దానికి నేను గింజలేస్తే నన్నే పొడుస్తాండాది.


తిరుపతి,
3 డిసెంబరు 1998

అన్నకు వందనాలు.

నీ జాబు రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి భయం వేసింది. ఎన్నిసార్లు అమ్మినా అది ఒకే పుంజు కదన్నా. ఏటేటా అందరికీ రోషం ఒకే తీరుగా పొడుచుకొస్తుందని ఏం నమ్మకం? సంఘంలో ఉన్నది మూడు వందలమంది. మిగిలిన పదిహేడు వందల చోట్లలో ఎవరు కూర్చుంటారు?

విశ్వాసం ఉండాలంటావు. ఆ మాట దగ్గరే నాకు ఎప్పుడూ కాలు తడబడుతుంది. ఇక్కడి చర్చికి ఆదివారం వెళ్తూనే ఉన్నాను. చెప్పులు విడిచే చోటికి దగ్గరగా, వెనక బెంచీలో కూర్చుంటాను. నమ్మకం లేనిదానివి ఎందుకు వెళ్తావంటావా? మానేస్తే ఏమవుతుందో అన్న అనుమానం కూడా అనుమానమే కదా.

నా సంగతి విను. నలభై మూడేళ్ళు వచ్చాయి. మా ఇంటి యజమానురాలు చిన్నక్క గారు షరతులు పెంచుతూ పోతున్నారు. వంటింట్లో గుడ్డు పగలకూడదు. తొమ్మిది దాటాక రేడియో వినపడకూడదు. అద్దె ఐదో తేదీ దాటకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, గోడకు మేకు కొట్టకూడదు. నాయన ఫోటో ఇప్పటికీ ట్రంకుపెట్టెలోనే ఉంది. చీర తీసుకునేటప్పుడల్లా ఆయన కింద నుంచి చూస్తాడు.

కట్టుకో. కాదనే ధైర్యం నాకు లేదు, ఔననే నమ్మకమూ లేదు. కాని నేలలో నా సగం నా సగమే. ఎప్పటికైనా దాన్ని అమ్మి ఇక్కడ రెండు గదులు కట్టుకుంటాను. నా గోడకు నా మేకు నేను కొట్టుకుంటాను. ఇది మర్చిపోకు.

అరుణ


గార్లదిన్నె,
22 నవంబరు 1999

చెల్లెలు అరుణకు,

నీ అనుమానాలన్నీ దేవుడు ఒక్క మధ్యాహ్నంలో తీర్చినాడు.

ఎలక్షన్లు అయిపోయినా ఊర్లలో వేడి చల్లారలేదు. తిమ్మప్ప, నాగేశ్వర అని దాయాదులిద్దరు ఉన్నారు, భూస్వాములు. మన సంఘంవాళ్ళు కారు. ఒకరు పోయిన పెండ్లికి ఇంకొకరు పోరు. పోయిన ఏటి పుంజు కథ విని, జీపులేసుకొని ఇద్దరూ కోతల పండుగకు వచ్చినారు. తిమ్మప్ప పదివేలన్నాడు. నాగేశ్వర మీసం దువ్వుకొని, "ఏమప్పా, కోడిని పాడతాండావా, కోడిగుడ్డునా?" అని ఇరవై అన్నాడు. ఒకరు గెలవడం, 'తిరిగి దేవునికే' అనడం, రెండోవాడు అంతకు పైన పాడటం. బాంబులు పడాల్సిన చోట ఆమెన్లు పడినాయి. మొత్తం నాలుగు లక్షల చిల్లర. శెనక్కాయలు అమ్మినాక కడతామన్నారు.

నేను ఆలస్యం చెయ్యలేదు. రామాంజులు మేస్త్రీకి పని ఒప్పజెప్పినా. గోపురం ఎత్తు అనంతపురం బస్సులో కూర్చున్నవాళ్ళకు కనపడేటట్టు పెట్టమన్నా. తాడిపత్రి నుంచి తిప్పయ్య నల్లబండలు పంపుతున్నాడు. సిమెంటు శ్రీరంగప్ప అప్పు ఇయ్యడానికి కొంచెం వెనకాడి, పుంజును చూపించమన్నాడు. చూపించినా. చేతిలోకి తీసుకొని బరువు చూసి, "ఇదేనా సామీ, నాలుగు లక్షల పుంజు?" అన్నాడు. "ఇదే" అన్నా. లారీ సిమెంటు పంపినాడు.

ఇట్లా పుంజును తాకట్టు పెట్టి మందిరం కట్టినవాడు చరిత్రలో ఉంటే రాయి.

అన్న

వదిన రాత: నాలుగు లక్షల్లో నాలుగు రూపాయలు రాలే. పుంజుకు గింజలు నేనే కొంటాండా.


తిరుపతి,
9 జనవరి 2000

అన్నకు,

చరిత్రలో వెతికాను. లేరు.

వదిన రాత చదివాక ఒక్క మాట. నోటితో పాడిన పాటకు, చేతికొచ్చిన డబ్బుకు మధ్య ఒక వాన ఉంటుంది. మన జిల్లాలో ఆ వాన మీద లారీ సిమెంటు పెట్టేవాళ్ళని ధైర్యవంతులంటారో ఇంకేమంటారో నువ్వే ఆలోచించు. గోపురం కొంచెం పొట్టిగా కట్టించు.

అరుణ


గార్లదిన్నె,
14 జూలై 2002

చెల్లెలు అరుణకు,

చాలా రోజులకు రాస్తున్నాను, మన్నించు. వాన ఈసారీ ఆలస్యం. అది అటుంచు.

సంఘం పెరిగింది. కొత్తగా నలభైమంది వస్తున్నారు, అందరూ మగవాళ్ళు, పనీపాటా ఉన్నవాళ్ళు. నువ్వు అడిగిన చోట్లు నిండుతున్నాయి. వీళ్ళ పట్టుదల చూస్తే పుట్టుకతో విశ్వాసులమైన మనం సిగ్గుపడాలి. తెల్లారకముందే గేటు దగ్గర ఉంటారు. మొదటి వరుస వదలరు. ప్రసంగం ఎంతసేపు సాగినా నా మీద నుంచి చూపు తిప్పరు. కండ్లు మూసుకొని ప్రార్థించే సమయంలో కూడా వీళ్ళు కండ్లు తెరిచే ఉంటారు. ముగింపు దీవెన అయినా కదలరు, ఇంటిదాకా వెంట వస్తారు. వెనక వాకిలి దగ్గర కూడా ఇద్దరు నిలబడి ఉంటారు, తలుపు తెరిస్తే చాలు చేతులు జోడిస్తారు.

వదిన రొట్టెలు కొడుతోంది, చేయి ఖాళీ లేదు. అందుకని ఈసారి ఆమె రాత లేదు.

అన్న


తిరుపతి,
21 జూలై 2002

అన్నా,

నీ జాబు మళ్ళీ మళ్ళీ చదివాను.

మూడేళ్ళుగా నిన్ను వెక్కిరిస్తూ వచ్చాను. ఆకాశం ఎండిపోయిన ఏడాది నలభైమంది మనుషులు తెల్లవారకముందే ఒక గేటు ముందు నిలబడుతున్నారంటే, వాళ్ళకు కనపడేదేదో నాకు కనపడటం లేదన్నమాట. కండ్లు తెరిచి ప్రార్థిస్తారన్న వాక్యం నన్ను వదలడం లేదు. నేను చదువుకున్నదాన్ని, కండ్లు మూసుకుని కూడా అనుమానిస్తాను.

దసరా సెలవులకు వస్తాను. వాళ్ళలో ఒకరితో మాట్లాడాలి. ఏం చూసి వచ్చారని అడగాలి. నా సగం గురించి కూడా మళ్ళీ ఆలోచిస్తున్నాను. రెండు గదులు లేకపోతే బతకలేనా?

అరుణ


తిరుపతి,
27 జూలై 2002

జయరాముడు గారికి,

వదిన ఎస్.టి.డి. బూత్ నుంచి ఫోన్ చేసింది. మీటరు తిరుగుతోందని ఆమె చెప్పిన మాటలు చాలా తక్కువ. "వాళ్ళు భక్తులు కాదు పాపా, బాకీలోళ్ళు. వెనక వాకిట్లో ఉండేది సెంట్రింగు ఆయన, మైకుసెట్టు ఆయన. మీ అన్న పారిపోతాడని కాపలా. నలభైమందికీ కాఫీ నేనే కాస్తాండా."

నవ్వాలో ఏడవాలో తెలియక ముందు నవ్వాను. తర్వాత నా వారం రోజుల పశ్చాత్తాపం గుర్తొచ్చి కోపం వచ్చింది. అప్పులవాళ్ళను చూసి నేను దేవుణ్ణి నమ్మబోయానన్నా. అంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు.

నా సగం నాకు కావాలి. ఈ ఏడే.

అరుణజ్యోతి


గార్లదిన్నె,
2 ఫిబ్రవరి 2003

చెల్లెలు అరుణకు,

ఆరు నెలలు జవాబు రాయలేకపోయినా. 'గారికి' అన్నావు చూడు, ఆ మాట మింగడానికే మూడు నెలలు పట్టింది.

ఉన్నదున్నట్టు చెప్తాను. తిమ్మప్ప ఎలక్షన్లలో ఓడినవాళ్ళ వెంట ఉండి బెంగళూరు చేరినాడు. నాగేశ్వర, "వాడు కడితే నేను కడతా" అన్నాడు. వాడు కట్టడని తెలిసే అన్నాడు. గోపురం పూర్తయింది, బస్సులో నుంచి కనపడుతుంది. దాన్ని చూసే కొత్త బాకీలవాళ్ళు కూడా దారి తెలుసుకొని వస్తున్నారు.

కాని నేను అబద్ధం రాయలేదు. రామాంజులు మేస్త్రీని చూడు. మొదట బెదిరించడానికే వచ్చినాడు. "అయ్యగారూ, పోయిన వారం రొట్టెలు ఐదు, చేపలు రెండు, ప్రభువు ఐదువేలమందికి పంచినాడని చెప్పినావు. నా దుడ్లు కూడా అట్లా పంచినావా?" అని మందిరంలోనే అడిగినాడు. ఇంటికి పోతే శ్రీరంగప్ప ముందుగా వసూలు చేసుకుంటాడని ఈయనకు భయం, ఈయన చేసుకుంటాడని తిప్పయ్యకు భయం. తిప్పయ్య తాడిపత్రి నుంచి బస్సు చార్జీ పెట్టుకొని వస్తాడు. ఇట్లా ఒకరికొకరు కాపలా కాస్తా పాటలన్నీ నేర్చుకున్నారు. మేస్త్రీ గొంతు లేనిదే ఇప్పుడు మన పాటలు నిలబడవు. రెండు కోతల పండుగలకు చేనుల్లో ఏమీ పండలేదు, బయమ్మ పుంజు ఒక్కటే వేలానికి వచ్చింది. పొద్దుపోక వీళ్ళే ఐదు రూపాయలు, పది రూపాయలు పాడి, 'తిరిగి దేవునికే' అనుకుంటా గడిపినారు.

ఇంక నావల్ల కాదు అరుణా. మందిరాన్నే వేలం వేయాలని పెద్దలు తేల్చినారు. చేతిలో రొక్కం ఎవరి దగ్గరా లేదు గనక ఎవరికి ఎంత బాకీ ఉన్నానో అదే వాళ్ళ పాట, దాని పైన ఎంత ఎక్కితే అంత. గెలిచినవాడు కట్టడం తీసుకొని మిగతావాళ్ళకు మెల్లగా తీర్చాలి. శ్రీరంగప్ప గోడౌను చేస్తాడంట. మేస్త్రీ కల్యాణమండపం అంటున్నాడు.

మార్చి 16, ఆదివారం. నేల సగం నీది, నువ్వు వచ్చి నీ మాట చెప్పాలి. ఆ తర్వాత నేనూ వదినా యాడన్నా చిన్న ఊరిలో చిన్న సంఘం చూసుకుంటాం. కుందుర్పి వైపు ఒకటి ఉందంటున్నారు. అక్కడ గోపురం లేదు.

అన్న


తిరుపతి,
10 మార్చి 2003

అన్నకు,

పరీక్షల డ్యూటీ. ఆదివారం కూడా జవాబుపత్రాల కట్టలు లెక్కపెట్టాలి, సెలవివ్వలేదు. నా తరఫున వదిన నిలబడాలి. నిన్ను నమ్మక కాదు. నమ్మకనే.

ఈ కవరులో రెండు కాగితాలు అంటించి పంపుతున్నాను, వదిన తప్ప ఎవరూ విప్పకూడదు. ఒకదానిలో నా సగం నాకు కావాలని ఉంది. రెండోదానిలో నాకేమీ వద్దు, మందిరం ఎవరు తీసుకున్నా అన్నకు ఒక గది ఉంచమని ఉంది. మొదటిది రాసి పడుకుంటే నువ్వు కుందుర్పి బస్సులో హార్మోనియం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నట్టు కలవచ్చింది. లేచి రెండోది రాశాను. అది రాసి పడుకుంటే నాయన ట్రంకుపెట్టెలో నుంచి తలుపు తడుతున్నట్టు కలవచ్చింది. ఇంక పడుకోలేదు.

అక్కడి ముఖాలు చూసి ఏది చదవాలో వదిన తేల్చుకోవాలి. నాకు చేతకాదు. నలభై ఏడేళ్ళలో నేను గట్టిగా తేల్చుకున్న విషయం ఒక్కటీ లేదని నీకు తెలుసు.

అరుణ


గార్లదిన్నె,
18 మార్చి 2003

చెల్లెలు అరుణకు,

కూర్చొని చదువు.

మందిరం నిండింది. ఎన్నేండ్లకు నిండింది అనుకుంటే, వేలం చూడటానికి. వేలం నన్నే వేయమన్నారు, అలవాటున్నవాడు ఇంకెవరూ లేరని. నా మందిరాన్ని నేనే 'ఒకటోసారి, రెండోసారి' అన్నా. మేస్త్రీ తన బాకీ మీద యాభైవేలు ఎక్కించినాడు. శ్రీరంగప్ప ఆగినాడు. 'మూడోసారి' అని అరచెయ్యి కొట్టినా. రామాంజులు లేచి నిలబడి, అందరి వైపూ చూసి, గట్టిగా చెప్పినాడు.

"తిరిగి దేవునికే."

నోటి అలవాటు అరుణా. రెండేండ్లుగా పాట గెలిచినప్పుడల్లా అదే మాట అన్నవాడు. మంది కూడా అలవాటుగా ఆమెన్ అన్నారు. డోలువాడు అలవాటుగా ఒక దెబ్బ కొట్టినాడు. మేస్త్రీ రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఆయన భార్య రామక్క వెనక నుంచి, "కొంప ముంచినావు కదయ్యా" అనింది. మేస్త్రీ, "అన్నమాట అన్నాను. డోలు కూడా పడె" అని కూర్చున్నాడు.

అట్లా మేస్త్రీ బాకీ చెల్లిపోయి, మందిరం మళ్ళీ వేలానికి వచ్చింది. ఈసారి శ్రీరంగప్పది. గెలిచినాడు గాని మొహంలో నెత్తురు లేదు. "గోడౌను చేసుకుంటావా అన్నా?" అని ఎవరో అడిగినారు. "మేస్త్రీ దేవునికిచ్చినదాంట్లో నేను సిమెంటు మూటలు పెడితే, రేపు ఈ ఊర్లో నాకు పిల్లనెవరిస్తారప్పా?" అన్నాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. తిరిగి దేవునికే అన్నాడు. తిప్పయ్య అప్పటికే మెల్లగా తాడిపత్రి బస్సు వైపు నడుస్తున్నాడు. "తిప్పయ్యా, యాడికి పోతావు? నీ పాటే" అని పదిమంది పిలిచినారు. పాపం, వెనక్కొచ్చి ఏడుస్తా ఇచ్చినాడు. బండలు ఎట్లా ఉన్నా ఎత్తుకుపోలేను కదా అన్నాడు.

చిల్లర బాకీలవాళ్ళు ఇంకా ఉన్నారు. మైకుసెట్టు ఆయన దేనికీ లొంగలేదు. "నేను పాట పాడను, వైరు చుట్టుకుంటా" అన్నాడు.

అప్పుడు నీ వంతు. వదిన లేచింది. ఇంతమంది ఇచ్చినాక అరుణ అడుగుతుందా, అందులోనూ పాస్టరు చెల్లెలు, అని డోలువాడు చెయ్యి ఎత్తి పెట్టుకున్నాడు. వదిన కాగితం విప్పి, గొంతు సవరించుకొని చదివింది. "నా సగం నాకు కావాలి."

డోలువాడి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. పుంజు ఒక్కటే కూసింది.

నేను తల దించుకున్నా. కోపగించుకుంటారనుకున్నా. మేస్త్రీ లేచి చప్పట్లు కొట్టినాడు. "నోరు జారని మనిషి ఈ జిల్లాలో ఒకరన్నా ఉండారు. ఆయమ్మ సగం ఆయమ్మదే. ఇది కొనే దుడ్లు దేవుని దగ్గర ఇప్పుడు లేవు. అంతవరకు బాడుగ కట్టుకోనీ" అన్నాడు. అందరికీ అది న్యాయంగా తోచింది. టేపు తెచ్చి కొలిచినారు. ప్రసంగ పీఠం నీ సగంలో పడింది. నేనిప్పుడు నీ ఇంట్లో నిలబడి బోధిస్తున్నా. నెలకు ఆరు నూర్లు, ఐదో తేదీ దాటకుండా. చందాలు ఇంకా రాలేదు గనక మొదటి నెల బాడుగ కింద పుంజును ఆర్టీసీ పార్సిలులో పంపుతున్నాను. బుట్ట జాగ్రత్తగా విప్పు.

కుందుర్పికి పోవడం లేదు. నిన్నటి నుంచి ఒక్కటే అనుకుంటున్నా. నువ్వు నమ్మినా నమ్మకపోయినా, అరుణా, దేవుడు నీ ఇంట్లో బాడుగకున్నాడు.

అన్న

వదిన రాత: రెండో కాగితం పొయ్యిలో పెట్టినా. ఈ ఇంట్లో ఇచ్చేవాళ్ళు ఎక్కువైనారు పాపా, అడిగేవాళ్ళు ఒకరన్నా ఉండల్ల. ఇప్పుడు కాఫీకి ఎనిమిదిమందే వస్తాండారు.


తిరుపతి,
2 ఏప్రిల్ 2003

అన్నకు, వదినకు,

బాడుగ ముట్టింది. ముట్టిన మరుసటి తెల్లవారే నాలుగింటికి కూసింది. గుడ్డు పగలకూడని ఇంట్లోకి ఏకంగా కోడిపుంజు రావడం చూసి చిన్నక్క గారు గుమ్మంలోనే కూలబడ్డారు. తర్వాత తేరుకుని, నెలాఖరులోగా నాకూ దానికీ వేరే ఇల్లు చూసుకోమన్నారు. నా ఇంట్లో అద్దెకున్నవాడు పంపిన అద్దె వల్ల నేను అద్దె ఇంటి నుంచి బయటపడ్డాను. దీన్ని ఏమనాలో నాకు తెలియదు. కృప అని మాత్రం నువ్వు అనవద్దు.

ఇంటి యజమానురాలిని అయ్యాను గనక షరతులు రాస్తున్నాను. తొమ్మిది దాటాక నా సగంలో మైకు వినపడకూడదు. ఆ మైకుసెట్టు ఆయన బాకీ నా అద్దెలో నుంచి తీర్చండి, ఆయన ఒక్కడే నాకు బాగా అర్థమైన మనిషి. ప్రసంగం ముప్పావుగంట దాటకూడదు. గుడ్లు ఎన్నైనా పగలగొట్టుకోవచ్చు. అద్దెకున్నవాడు ఇంట్లో ఉన్నాడో లేడో తెలియడం లేదని యజమానురాలు అప్పుడప్పుడు తలుపు తట్టి చూడవచ్చు. దసరాకు వచ్చి తడతాను.

సామాను సర్దుతుంటే ట్రంకుపెట్టె అడుగున నాయన ఫోటో చేతికొచ్చింది. అద్దానికి పాత చీర చుట్టి, ఇదే పార్సిలులో పంపుతున్నాను. నా సగం గోడకు, ప్రసంగ పీఠానికి కుడివైపున, మనిషి ఎత్తులో, ఒక మేకు కొట్టండి. మేస్త్రీ చేత కొట్టించండి, గోడ పగలదు.

యజమానురాలిగా అనుమతిస్తున్నాను.

అరుణ